ఫ్రిజ్ ఊరగాయ విస్తట్లోకి సరే, స్టాల్లోకి వద్దు



వేసవి స్టాల్లో ఈసారి ఆవకాయ, గోంగూర సీసాల పక్కన 'ఫ్రిజ్ ఊరగాయ' సీసాలు కూడా పెట్టి అమ్ముదామని మనవాళ్లలో మాట నడుస్తోంది. ఉగాది భోజనాల్లో వడ్డించిన కీరా, క్యారెట్, ముల్లంగి ముక్కలు అందరికీ నచ్చాయి కాబట్టి వచ్చిన ఆలోచన ఇది. వడ్డనకు నేను పూర్తిగా అనుకూలం. అమ్మకానికి పూర్తిగా వ్యతిరేకం. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

బీపీ మాత్రలు వేసుకునే పెద్దలు, ఆవకాయ గిన్నె దగ్గరికి రాగానే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టడం ప్రతి పంక్తిలోనూ చూస్తున్నాం. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పు ఎలా పోస్తామో మనకు తెలుసు. పోయకపోతే నిలవదు మరి. ఫ్రిజ్‌లో పెట్టేదానికి ఆ అవసరం లేదు. ఇందులో ఉప్పు రుచి కోసమే, కాపాడేది పులుపూ చల్లదనమూ. అలాగని ఇది మందేమీ కాదు, ఉప్పు ఇందులోనూ ఉంటుంది. పప్పన్నంలో నంజుకోవడానికి రెండు ముక్కలు దొరుకుతాయి, అంతే.

'ఇది మనది కాదు, వెనిగర్ వాసనొస్తే నూడుల్స్ బండి దగ్గర నిలబడ్డట్టుంది' అని ఒక పెద్దావిడ అన్నారు. నవ్వొచ్చింది కానీ ఒప్పుకోలేను. మన దోసావకాయ ఏడాది నిలుస్తుందా? కలిపిన నాటి నుంచీ తినేయాల్సిందే. ఇక్కడ చెన్నైలో తమిళుల పెళ్లి విందులో వడ్డించే మామిడికాయ ముక్కల ఊరుగాయ కూడా అప్పటికప్పుడు కలిపేదే. తమిళంలో ఊరుగాయ్, మనకు ఊరగాయ. ఆ మాటలో ఊరడమే ఉంది, ఏడాది లేదు.

చేసే పద్ధతి చాలామంది అడిగారు. కిలో ముక్కలకు రెండు గ్లాసుల వెనిగర్, రెండు గ్లాసుల నీళ్లు, రెండు టీస్పూన్ల ఉప్పు, మూడు టీస్పూన్ల పంచదార. షుగరున్నవాళ్ల కోసమైతే పంచదార మానేయొచ్చు. కాసిని ఆవాలు, మిరియాలు, రెండు ఎండుమిరపకాయలు వేసి ఒక్క పొంగు రానిచ్చి, గాజు సీసాలోని ముక్కల మీద వేడిగా పోయాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి తయారు. కీరా ముక్కలకు ముందే చిటికెడు ఉప్పు రాసి అరగంట ఉంచి నీళ్లు పిండేయండి, లేకపోతే పులుపు పల్చబడుతుంది. వెనిగర్ సీసా మీద 5 శాతం అని ఉన్నది కొనండి. 4 శాతందే దొరికితే నీళ్లు ఒక గ్లాసు తగ్గించి, వెనిగర్ ఒక గ్లాసు పెంచండి. ఉప్పు తగ్గించినా ఫరవాలేదు, పులుపు మాత్రం తగ్గించకండి. అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వాడొద్దు. వారం లోపు తినేస్తే ముక్క కరకరలాడుతుంది.

ఇక అమ్మకం. ఆవకాయ దగ్గర మన అమ్మమ్మలు పెట్టిన మొదటి చట్టం తడి చెయ్యి తగలకూడదని. కాయ కడిగితే తుడిచి ఆరబెట్టాలి, జాడీ ఎండలో పెట్టాలి, గరిటె పొడిగా ఉండాలి. నీటి తడి లేకుండా చేసి, పైన నూనె నిలబెట్టి ఏడాది కాపాడారు. ఈ ఫ్రిజ్ ఊరగాయలో సగం పైగా నీళ్లే! ఇది బయట బతకదు. మన స్టాలేమో కత్తిరి ఎండల్లో, షామియానా కింద, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. కొన్నవాళ్లు ఇంకో నాలుగు దుకాణాలు తిరిగి, బస్సెక్కి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో ఆవకాయ సీసా పక్కనే అల్మరాలో పెడతారు, ఎందుకంటే చీటీ మీద 'ఊరగాయ' అని మనమే రాశాం కదా. 'ఫ్రిజ్‌లో పెట్టండి' అని చిన్న అక్షరాల్లో రాశామంటే సరిపోదు. ఎవరికైనా కడుపు నొప్పి వస్తే వాళ్లు వెనిగర్‌ని తిట్టరు, సంఘాన్ని తిడతారు. ఇన్నేళ్లుగా మన ఆవకాయ సీసాను మూత కూడా తియ్యకుండా కొంటున్నారంటే అది సంఘం పేరు చూసే.

ఫండు కావాలన్న బాధ నాకూ తెలుసు. హాలు అద్దె పెరిగింది, తెలుగు తరగతుల పుస్తకాలు కొనాలి. దానికి ఆవకాయ ఇంకో పది కిలోలు ఎక్కువ కలుపుదాం, ముక్కలు కొట్టడానికి నేనొస్తాను.

వచ్చే భోజనాలకు ఫ్రిజ్ ఊరగాయ ముందురోజు చేసి తేవడానికి ముగ్గురు వదినలు ఒప్పుకున్నారు. హాల్లో ఫ్రిజ్ లేదు. ఎవరింట్లోనైనా పెద్ద ఐస్ పెట్టె ఉంటే వంట కమిటీకి చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.