ఎముక అతికింది, మరి భయం సంగతి?



యాక్సిడెంట్‌లో కాలు విరిగిన మనిషికి ఆపరేషన్ చేసి రాడ్డు వేస్తారు, మళ్ళీ ఎప్పుడు రావాలో చీటీ రాసి ఇస్తారు. కొన్ని నెలలకు ఎముక అతుకుతుంది. మనిషి మాత్రం జీపు ఎక్కడు. లారీ హారన్ వినబడితే ఒళ్ళంతా చెమటలు. రాత్రుళ్ళు కేకలు పెట్టి లేస్తాడు. సుగ్గికి పోయే కాలం వస్తే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకోతకు పోతారు, ఇతను గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. ఊళ్ళో వాళ్ళు సోమరి అంటారు. ఇంకొందరు జడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు. ఆ తర్వాత ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్, మందుల షాపులో నిద్రమాత్ర. హాలహర్వి, ఆలూరు, ఆదోని పల్లెల నుంచి మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఈ కథ కొత్తది కాదు.

ఇది సోమరితనం కాదు, గాలీ కాదు, విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు. ప్రాణం పోతుందన్న సంఘటనను కళ్ళారా చూసిన మనసుకు తగిలిన గాయం ఇది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలును ముంచినప్పుడు ఇళ్ళ కప్పుల మీద గడిపినవారికి వచ్చింది ఇదే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయినప్పుడు కిటికీలు పగలగొట్టుకొని బయటపడినవారికీ రావచ్చు. భర్త చేత దెబ్బలు తినే తల్లికీ, చెడ్డవాళ్ళ చేతిలో పడిన ఆడపిల్లకూ రావచ్చు. చిన్నపిల్లలైతే నోటితో చెప్పలేరు. పక్క తడుపుతారు, అమ్మ కొంగు వదలరు, బడికి పోమంటారు.

చాలామందికి కొన్ని వారాల్లో, ఇంట్లోవారి ఆదరణతోనే, ఇది తగ్గిపోతుంది. అందుకని మొదటి రోజుల్లో జరిగినదంతా చెప్పు చెప్పు అని ఎవరినీ గుచ్చి అడగవద్దు. భోజనం, నిద్ర, పక్కన ఒక మనిషి, అంతే చాలు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు పోకపోతే, ఆ చోటి పక్కకే పోనంటూ ఉంటే వైద్యం కావాలి. మొదటి నెలలో ఈ బాధకు డయజిపామ్ వంటి మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అలవాటు పడితే మానడం కష్టం. అసలు వైద్యం మాటలతో చేసేది. శిక్షణ పొందిన సైకాలజిస్టు వారం వారం కూర్చోబెట్టి, ఆ జ్ఞాపకాన్ని భయం లేకుండా తలుచుకునేలా, మళ్ళీ రోడ్డెక్కేలా మెల్లమెల్లగా అలవాటు చేస్తారు. సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. కొందరికి సెర్ట్రలిన్ వంటి మాత్రలు కూడా రాస్తారు. వాటి గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా మానకూడదు.

ఎక్కడికి పోవాలన్నదే మన ప్రాంతంలో చిక్కు. మొదట మీ పీహెచ్‌సీ డాక్టరుగారికి చెప్పండి, ఆశా కార్యకర్తను తోడు తీసుకుపోండి. ఆదోని ఏరియా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ రోజు చూస్తారో ముందుగా కనుక్కొని బయలుదేరండి. కూలి పోగొట్టుకొని వచ్చి తలుపు మూసి ఉంటే మళ్ళీ ఎవరూ రారు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదలలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ ఇది. ఖర్చు లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. హింసకు గురైన స్త్రీలకు 181 ఉంది, జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంది. పురుగుమందు తాగి బతికినవారిని కేసు భయంతో దాచిపెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడమంటుంది, వారికి చికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది.

హాలహర్వి వారికి కర్నూలు కన్నా బళ్ళారే దగ్గర. ఆ బళ్ళారికి ఈ విషయంలో పేరున్నదని చాలామందికి తెలియదు. బెంగళూరు నిమ్హాన్స్ వారు 1985 నుంచి ఆ జిల్లాలోనే పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక వ్యాధుల మందులు పల్లె దగ్గరే దొరికేలా చేసి చూపించారు. దాన్ని చూసే కేంద్ర ప్రభుత్వం 1996లో నాలుగు జిల్లాల్లో పథకం మొదలుపెట్టింది, వాటిలో మన అప్పటి రాష్ట్రంలోని మెదక్ ఒకటి. సరిహద్దు అవతల పుట్టిన పని దేశమంతా నడిచింది. మా అభిప్రాయం ఏమంటే, దానివల్ల మాత్ర పల్లెకు చేరింది గాని మాట చేరలేదు. వంద మంది క్యూలో ఉన్న ఓపీలో ఏ డాక్టరైనా ఒక్కొక్కరికి ముప్పావు గంట ఎక్కడ ఇవ్వగలరు? ఆ డాక్టర్లను నిందించి లాభం లేదు.

మాట వైద్యానికి అందరూ పెద్ద డిగ్రీలవారే కానక్కరలేదు. గోవాలో పీహెచ్‌సీలలో మామూలు స్త్రీపురుషులకే శిక్షణ ఇచ్చి, తీవ్రమైన దిగులుతో ఉన్నవారితో 6 నుంచి 8 సార్లు మాట్లాడించారు. మేలు జరిగిందని 2016 డిసెంబరులో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అది దిగులు జబ్బుకు చేసిన పని, భయానికి కాదు, నిజమే. అయినా మన ఏఎన్‌ఎమ్‌లకు, మిషన్ ఆసుపత్రుల నర్సులకు అటువంటి శిక్షణ ఎందుకు ఇవ్వకూడదు? ఆలూరు, హాలహర్వి వంటి చోట నెలకు రెండు రోజులైనా కౌన్సెలర్ కూర్చునే ఏర్పాటు కావాలని జిల్లా అధికారులను అడగవలసింది మనమే. సంఘ పెద్దలు అర్జీ రాస్తే మేమూ సంతకం పెడతాము.

పాస్టరుగార్లకు ఒక మనవి. ప్రార్థన చేయండి, చేశాక వైద్యానికి పంపండి. మందు మానితేనే విశ్వాసం అని దయచేసి చెప్పవద్దు. మంచి సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ళ ఇంటికి చేర్చాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు, మళ్ళీ వస్తానన్నాడు. మన సంఘాల్లో ఈ మూడోది తక్కువ. మొదటిసారి కర్నూలుకు పదిమంది బయలుదేరతారు, మూడోసారికి తోడు ఎవరూ ఉండరు. స్త్రీల సమాజంవారు ఒక్కొక్క కుటుంబానికి ఒక్కరిని కేటాయిస్తే బాగుంటుంది. బస్సంటేనే భయపడే మనిషిని బస్సులో ఒంటరిగా పంపడం ఎలాగూ కుదరదు కదా!

బళ్ళారికి పోయేవారు మన రాష్ట్రపు ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ముందే అడిగి వెళ్ళండి. డిశ్చార్జి కాగితాలు, పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. ఇటు రాసినది అటు డాక్టరుకు కనబడకపోతే కథంతా మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది, భయపడిన మనిషికి అదే అన్నిటికన్నా కష్టం.