చెవికి స్పేర్ పార్టు లేదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే హాబీకి సంబంధించినవి. ఇంట్లోనే ఆంప్లిఫయర్లు, స్పీకరు బాక్సులు తయారు చేసుకోవడం ఆ హాబీ. అందుచేత మూడింటికీ ఒకేచోట జవాబులు వ్రాస్తున్నాను.

ప్రశ్న: నా వయస్సు 36. బొగ్గు బాయిలో డ్రిల్లరుగా పనిచేస్తున్నాను. కోఠీ గుజరాతీ గల్లీ నుంచి సామాన్లు తెచ్చుకుని ఆంప్లిఫయర్లు తయారు చేయడం పదేళ్ళుగా నాకున్న ఒకే ఒక సరదా. ఈ మధ్య చానెలుకు 100 వాట్ల సెట్టు పూర్తి చేశాను. షిఫ్టు దిగి వచ్చాక రోజూ రెండు గంటలు పాటలు వింటాను. ఆరు నెలలుగా రాత్రి పడుకుంటే రెండు చెవుల్లోనూ కీచురాళ్ళు అరిచినట్టు ఒకటే రొద. "టీవీకి గింత సౌండేంది?" అంటున్నది మా ఆవిడ. ఇది బాయి వల్ల వచ్చిందా, సెట్టు వల్లనా? వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకొమ్మంటున్నారు. పోసుకోవచ్చునా? హాబీ మానుకోవలసిందేనా?
— ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మీ చెవికి డ్రిల్లింగ్ మిషను వేరు, పాట వేరు అని తెలియదు. అది రెండింటినీ కలిపి ఒకే ఖాతాలో వేసుకుంటుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం వున్నది. అందులో సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణాలు శబ్దాన్ని మెదడుకు అందజేస్తాయి. పెద్ద శబ్దానికి అవి అలిసిపోతాయి. విశ్రాంతి దొరికితే తేరుకుంటాయి. దొరక్కపోతే చచ్చిపోతాయి. కోళ్ళలో ఈ కణాలు మళ్ళీ పుడతాయి గాని మనిషిలో పుట్టవు. ఆంప్లిఫయరులో ట్రాన్సిస్టరు కాలిపోతే కోఠీ నుంచి ఇంకొకటి తెచ్చి వేస్తారు. చెవికి స్పేర్ పార్టు ఏ గల్లీలోనూ దొరకదు.

ఇక లెక్క చూడండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు మించి వినకూడదు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ గడువు సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100 అయితే 15 నిమిషాలే. సాధారణమైన స్పీకరు ఒక్క వాట్‌తోనే మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. 10 వాట్లు ఇస్తే దానికి మరో 10, 100 వాట్లు ఇస్తే మరో 20 కలుస్తాయి. అంటే మీ సెట్టు పూర్తి శక్తితో పాడితే చెవికి మిగిలే గడువు కొద్ది నిమిషాలే. పైగా గనిలో డ్రిల్లింగ్ మిషను దగ్గరే ఆ రోజు రేషన్ అంతా ఖర్చు చేసుకుని ఇంటికి వస్తున్నారు!

మొదట దెబ్బ తినేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. స, శ, త, క వంటి అక్షరాలు సరిగా వినపడవు. "మాట వినిపిస్తున్నది గాని అర్థం కావడం లేదు" అంటారు. కట్టినప్పుడు చక్కగా పలికిన సెట్టు ఇప్పుడు మందకొడిగా వున్నదని ట్రెబుల్ పెంచుకుంటూ పోతుంటే, ట్వీటరును మార్చే ముందు చెవిని పరీక్ష చేయించుకోవాలి.

నూనె పోసుకోవద్దు. చెవి డ్రమ్ముకు చిల్లి వుంటే నూనె లోపలికి పోయి చీము పట్టవచ్చును. నూనె రోమకణాలను చేరదు, చేరినా బ్రతికించదు. మీ ఏరియా ఆసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించి, ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రికి, ఆదిలాబాద్ రిమ్స్‌కు కూడా వెళ్ళవచ్చును. గుబిలి పేరుకున్నా రొద వస్తుంది కనుక, పరీక్ష లేకుండా నిర్ణయానికి రావద్దు. వినికిడి తగ్గిందని తేలితే పోయినది మందులతో తిరిగి రాదు. కాని మిగిలినదాన్ని కాపాడుకోవడం మీ చేతిలోనే వున్నది. రాత్రి పూట ఫ్యాను, సన్నగా పెట్టిన రేడియో రొదను కొంత మరపిస్తాయి. ఒక్క చెవి హఠాత్తుగా వినిపించకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

హాబీ మానుకోవద్దు, వాల్యూమ్ మానుకోండి. చేయి చాచినంత దూరంలో వున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే శబ్దం హద్దు మీరినట్లే. జాక్ పెట్టేముందు, తీసేముందు వాల్యూమ్ సున్నాకు తిప్పండి. ట్వీటరుకు చెవి ఆనించి టెస్టింగ్ చేయవద్దు. పిల్లలను బాక్సు ముందు కూర్చోనివ్వకండి. గనిలో ఇయర్ మఫ్ తప్పకుండా పెట్టుకోండి. దూది దాని పని చేయదు. షిఫ్టు దిగిన రోజున చెవికి విశ్రాంతి ఇచ్చి, సెలవు రోజున తక్కువ శబ్దంలో వినండి. మంచి సెట్టు గొప్పతనం చిన్న శబ్దంలోనే తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతూ, రాత్రిళ్ళు వంటింట్లో సాల్డరింగ్ చేస్తున్నాడు. పొగకు దగ్గు వస్తున్నది. సీసం ఊపిరితిత్తుల్లోకి పోతుందా? పాలు, బెల్లం ఇస్తే విరుగుతుందా?
— ఒక తల్లి, ఆదిలాబాద్

జవాబు: మామూలు లెడ్ తీగలో 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం వుంటాయి. ఆ వేడికి సీసం పెద్దగా ఆవిరి కాదు. కనిపించే పొగ ఫ్లక్స్‌లోని రోజిన్‌ది. దగ్గు, కొందరికి ఉబ్బసం కూడా దానివల్ల రావచ్చును. సీసం ప్రవేశించేది చేతుల ద్వారా, అంటే వేళ్ళ నుంచి అన్నానికి, అన్నం నుంచి కడుపులోకి. పసిపిల్లల మెదడుకు అది కొద్దిగా చేరినా ప్రమాదమే. కనుక వంటింట్లో ఈ పని వద్దు. కిటికీ దగ్గర కూర్చుని, పొగ ముఖం మీదికి రాకుండా చిన్న ఫ్యానుతో బయటకు పంపాలి. తీగను పళ్ళతో పట్టుకోరాదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కొని, బల్లను తడిగుడ్డతో తుడవాలి. పాలు, బెల్లం బలానికి మంచివే, పొగకు విరుగుడు కాదు. పిల్లికూతలు, ఆయాసం వుంటే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: పాత వాల్వు సెట్టు బాగుచేస్తుంటే, ప్లగ్గు పీకిన తరువాత కూడా షాక్ కొట్టింది. ఎందుచేత?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కరెంటు తీసినా కెపాసిటర్లలో అది నిలవ వుంటుంది. వాల్వు సెట్టులో అది 300 వోల్టులు దాటి వుండవచ్చును. ప్రాణం తీయడానికి అది చాలు. ముట్టుకునే ముందు తగిన రెసిస్టరు ద్వారా డిశ్చార్జి చేసి, మీటరుతో సున్నా అయిందో లేదో చూసుకోవాలి. తడి చేతులతో, ఒంటరిగా ఈ పని చేయరాదు. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు 5 సెంటీమీటర్లు దిగేటట్టు గట్టిగా నొక్కుతూ వుండాలి. షాక్ తరువాత స్పృహ తప్పినా, గుండె దడ వున్నా, పైకి గాయం కనిపించకపోయినా ఇ.సి.జి. తీయించుకోవడం అవసరం. కొత్త బోర్డు కట్టేటప్పుడు కెపాసిటర్ల మీద ఒక బ్లీడర్ రెసిస్టరు వేయడం మరచిపోకండి. ఖర్చు కొద్ది రూపాయలే.