పెట్టె మనది, తాళం కొట్టోడిది

పూర్వం కామందు అరుగు మీద ప్రామిసరీ నోటుకి మన తాతలు వేలిముద్ర వేసేవాళ్ళు. అందులో ఏం రాసుందో వాళ్ళకి తెలీదు. రాసింది కామందు, చదివింది కామందు, వడ్డీ కట్టింది కామందు. ఇప్పుడు కాగితం పోయి ఫోనొచ్చింది. చదివేవాడు మాత్రం ఇంకా వేరేవాడే.

మొన్న గన్నవరం దగ్గర ఒక పేటలో కూర్చున్నప్పుడు మేం ఒకటే ప్రశ్న వేశాం. "మీ పిన్ నెంబరు మీ ఒక్కరికే తెలిసినోళ్ళు చేతులెత్తండి." కుర్రాళ్ళు కొందరెత్తారు. ఆడవాళ్ళ వైపు ఒక్క చెయ్యీ లేవలేదు. ఒక పెద్దమ్మ అంది: "నాకేం తెల్సయ్యా, ఫోను కొట్టబ్బాయికిత్తాను. ఆడే నొక్కుతాడు, ఎంతుందో ఆడే చెప్తాడు." ఆ కొట్లో ఆమెకి అప్పుంది. అప్పిచ్చినవాడి చేతిలోనే ఆమె పెట్టె తాళం! ఆ అబ్బాయి దొంగని మేం అనడం లేదు. మంచోడే అయ్యుంటాడు. మంచి కామందులూ ఉండేవారని మన తాతలూ చెప్పేవాళ్ళు.

2016 డిసెంబరు 30న ప్రధాని డబ్బు పంపుకునే యాప్ ఒకటి విడుదల చేసి, దాని పేరు భీమ్ అన్నాడు. బాబాసాహెబ్ పేరు మీదే పెట్టామన్నాడు. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం రాసిన మనిషి ఆయన. పేరు పెట్టినందుకు మనకేం బాధ లేదు. కానీ ఆ రోజు ఆ యాప్‌లో హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. 2017లో గానీ తెలుగు రాలేదు.

తెలుగొస్తే చాలా? "లబ్ధిదారు", "ధృవీకరణ", "లావాదేవీ విఫలమైంది" అని రాస్తే ఏ పేటలో ఎవరికి తెలుస్తుంది? డబ్బు వెళ్ళలేదు అంటే అందరికీ తెలుస్తుంది. అక్షరాలు చీమల్లా ఉంటాయి. కూడబలుక్కుని చదివేలోపు గడువైపోయిందని మొదటికి తోసేస్తుంది. ఎంతుందో చూద్దామని తెరిస్తే ముందు అప్పు కావాలా అంటుంది, బహుమతి గీకి చూడమంటుంది. మనిషి ఎన్నిసార్లు తెరిచాడు, ఎంతసేపు ఉన్నాడన్నది వాళ్ళ లెక్క. పని తేలిగ్గా అయిందా అన్నది మన లెక్క. అప్పుల సంగతి కృష్ణా జిల్లాకి కొత్తగా చెప్పాలా? 2006లో సూక్ష్మరుణ సంస్థల వేధింపులు భరించలేక జనం మొరపెట్టుకుంటే, అధికారులే వాటి శాఖలు మూయించిన జిల్లా ఇది.

చూపు లేనివాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఫోనులో తెర మీది అక్షరాలు పైకి చదివిపెట్టే ఏర్పాటుంది. తయారుచేసినవాడు ప్రతి బొమ్మకీ పేరు రాసిపెడితేనే అది పలుకుతుంది. రాయకపోతే "బటన్, బటన్" అంటూ ఊరుకుంటుంది. ఏది పంపేదో, ఏది రద్దు చేసేదో ఎలా తెలుస్తుంది? పేరు రాయడానికి పెద్ద ఖర్చేం కాదు, బుద్ధి పుట్టాలి అంతే. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తీర్పిచ్చింది. బ్యాంకు ఖాతాకి ఫోను ముందు కళ్ళార్పమంటే ఆర్పలేని యాసిడ్ బాధితులూ, చూపులేనివారూ వేసిన కేసు అది. మన పేటల్లో ఈ తీర్పు సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

యాప్ వద్దు, వేలిముద్ర మిషనుందిగా అంటారు. నాట్లేసి, కలుపు తీసి, ఇటుక మోసి అరిగిన వేళ్ళని ఆ మిషను గుర్తుపట్టదు. పని చేసినందుకే ఆ వేలు చెల్లలేదు!

2024 మే నెలలో ఏం జరిగింది? ఎన్నికల నిబంధనలని చెప్పి చాలామంది పింఛన్లు బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఫోనులో చూసుకోవడం రాని ముసలివాళ్ళు, మండుటెండలో బ్యాంకుల ముందు బారులు తీరారు. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికే వచ్చినవాళ్ళూ ఉన్నారు. చదవగలిగితే మంచం మీద కూర్చుని తెలుసుకునే సంగతే అది.

కేసరపల్లిలో ఐటీ టవర్లున్నాయి. వాటిలో పనిచేసే ఇంజనీర్లలో మన పిల్లలూ ఉన్నారు. వాళ్ళనే అడుగుతున్నాం: యాప్ బయటికి వదిలేముందు రోడ్డు దాటి ఒక్క పూట పేటకి రండి. పెద్దమ్మ చేతిలో పెట్టి, నోరు మూసుకుని చూడండి. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ తప్పు మీది.

బ్యాంకులనీ అడుగుదాం. తెలుగులో మాట్లాడే యాప్ ఇవ్వాలి. బటన్ ఫోనులో నెట్టు లేకుండా డబ్బు పంపే 123పే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8న మొదలుపెట్టింది, దాన్ని పేటకొచ్చి నేర్పాలి. యాప్ ఉందిగా అని కౌంటరు ఎత్తెయ్యకూడదు.

ఈలోగా ఒకటి గుర్తుంచుకోండి. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, కొట్టమన్నవాడు మోసగాడు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి, బ్యాంకుకీ చెప్పండి. బ్యాంకు నెల్లాళ్ళలో పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, 14448కి ఫోను చేసి దారి అడగొచ్చు.

కార్యకర్తలు ఈ పక్షం తమ పేటల్లో ఇల్లిల్లూ తిరిగి, ఎవరి ఫోను ఎవరు నొక్కుతున్నారో, ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో రాసి పంపండి. పిన్ నెంబర్లు మాత్రం రాయకండి, మాక్కూడా చెప్పకండి. వచ్చినవన్నీ కలిపి జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకి ఇస్తాం. పెద్దమ్మని కూడా వెంట తీసుకెళ్తాం.