కంటికి కనబడని ఎదుగుదల



మా సంఘములోని ఒక సహోదరుడు వచ్చి, "అయ్యగారూ, మావాడు ఆరో తరగతికి వచ్చినా ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాడు. బడి మాన్పించి మేకల వెంట పంపుతాను. ప్రార్థన చేయండి" అన్నాడు. అదే మంచిదేమో అని నాకూ అనిపించింది. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

ఆ వారమే బడిలో సైన్సు టీచరమ్మ పిల్లలకు ఒక పాఠము చూపించుటకు నన్నూ పిలిచారు. గాజు గ్లాసులో తడి దూది, దూదికీ గాజుకూ మధ్య అలసంద గింజలు. ఎదురుగా ఇటుకల మీద కదలకుండా కట్టిన సెల్‌ఫోను. వెలుతురు మారకుండా రాత్రింబగళ్ళు ఒక బల్బు. ఫోను పది నిమిషములకు ఒక ఫోటో చొప్పున రోజుకు 144, నాలుగు రోజులకు 576 ఫోటోలు తీసింది. సెకనుకు 24 చొప్పున నడిపితే నాలుగు రోజుల ఎదుగుదల 24 సెకన్లలో కనబడింది. దీనిని టైమ్ లాప్స్ అంటారు. 1910లోనే ఇంగ్లాండులో పెర్సీ స్మిత్ అనే ఆయన పువ్వులు విచ్చుకొనుటను ఇలాగే సినిమాగా తీశారు.

గింజ ఉబ్బింది, పొట్టు పగిలింది. ముందు వచ్చినది ఆకు కాదు, వేరు. తలక్రిందులుగా పెట్టిన గింజ వేరు కూడా వంపు తిరిగి క్రిందికే పోయింది. తరువాత కాడ కొక్కెములా వంగి పైకి వచ్చి, ఆపైన తల ఎత్తింది. "ఎందుకు వంగింది?" అని టీచరమ్మ అడిగితే, ఆ సహోదరుని కుమారుడే లేచి, "మట్టిలో లేత చివర నలిగిపోకుండా, మేడమ్" అన్నాడు. నాలుగు రోజులూ ఫోను చార్జింగు చూసుకున్నదీ వాడే.

ప్రియులారా, ఆ ఫోటోలలో ప్రక్కప్రక్కనున్న రెండు తీసి చూస్తే తేడా తెలియదు. గింజ చచ్చిపోయినదనుకుంటాము. అనుమానముతో పెకలించి చూచేవాడు వేరును తెంపుతాడు. మార్కు సువార్త 4వ అధ్యాయములో, విత్తినవానికి తెలియకుండానే పైరు ఎదిగిన సంగతిని మన ప్రభువు చెప్పలేదా? నేనూ ఆ తండ్రీ ఒక్క ఫోటో చూచి తీర్పు తీర్చబోయాము.

ఆ సాయంత్రము ఆ తండ్రికి ఆ 24 సెకన్లు చూపించాను. రెండుసార్లు చూచి మౌనముగా వెళ్ళాడు. మరునాడు పిల్లవాడు బడిలోనే ఉన్నాడు. చదువు ఇంకా తడబడుతూనే ఉంది. టీచరమ్మ రోజూ అరగంట కూర్చోబెట్టి చదివిస్తున్నారు.

మీ ఇంట ఇటువంటి ఫోను లేకపోయినా, ఒక గ్లాసులో గింజ వేసి ప్రతి ఉదయము పిల్లలచేత దాని బొమ్మ గీయించండి. నాలుగు రోజులయ్యాక బొమ్మలన్నీ వరుసగా పెట్టి చూడండి. అంతవరకు గింజను కదిలించకండి.

దేవుడు మీ పిల్లలను దీవించును గాక. ఆమేన్.