జేమ్స్ అర్జీతో మొదలుపెట్టండి

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో గూఢచారుల గురించి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు చెప్పాలనగానే చాలామంది కనిపించని సిరాతో మొదలుపెడతారు. నిమ్మరసంతో కాగితం మీద రాయించి, వేడి తగిలించి, అక్షరాలు పైకి తేలడం చూపిస్తారు. పిల్లలు సరదాపడతారు. పాఠం అక్కడితో అయిపోతుంది. ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తల్లిదండ్రులకు నా మనవి ఒకటే: సిరాను కొన్నాళ్లు పక్కన పెట్టి, 1786లో వర్జీనియా శాసనసభ ముందుకు వచ్చిన ఒక బానిస అర్జీతో మొదలుపెట్టండి.

మేముండేది వర్జీనియాలోనే. ఇక్కడ హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్లు ఏటా ఆగస్టులో ఏయే సబ్జెక్టులు చెప్పబోతున్నారో స్థానిక స్కూలు అధికారులకు రాసివ్వాలి, ఏడాది చివర పిల్లల ప్రగతికి రుజువు చూపించాలి. మధ్యలో ఏ పాఠం ముందు చెప్పాలి, దాని మీద ఎన్ని వారాలు కూర్చోవాలి అన్నది మన ఇష్టం. బడికి అంత తీరిక ఉండదు. ఆ తీరికను ఇలాంటి పాఠానికే వాడుకోవాలి.

అర్జీ పెట్టుకున్నవాడి పేరు జేమ్స్. న్యూ కెంట్ కౌంటీలో విలియం ఆర్మిస్టెడ్ అనే యజమానికి బానిస. 1781లో యజమాని అనుమతితో అమెరికా పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి సేనాని లఫాయెట్ దగ్గర చేరాడు. పారిపోయి వచ్చిన బానిసలా బ్రిటిష్ శిబిరంలోకి వెళ్లాడు. వాళ్లూ అతన్ని నమ్మి, లఫాయెట్ మీద నిఘా పెట్టే పని అప్పగించారు. జేమ్స్ వాళ్లకు అబద్ధాలు చేరవేస్తూ, ఇటు నిజాలు అందించాడు. ఆ ఏడాది అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. ఇక్కడి వరకూ సినిమా కథలాగే ఉంటుంది. అసలు పాఠం ఆ తర్వాతే ఉంది.

యజమానుల బదులు సైనికులుగా పోరాడిన బానిసలకు విముక్తి ఇస్తూ వర్జీనియా 1783లో చట్టం చేసింది. జేమ్స్ తుపాకీ పట్టిన సైనికుడు కాదు, గూఢచారి. కాబట్టి ఆ చట్టం అతనికి వర్తించలేదు. దేశానికి స్వేచ్ఛ వచ్చింది, అతను మళ్లీ యజమాని ఇంటికే వెళ్లాడు. 1784లో లఫాయెట్ స్వయంగా ఒక ధ్రువపత్రం రాసిచ్చాడు. శత్రువు శిబిరం నుంచి శ్రద్ధగా సమాచారం సేకరించాడని, నమ్మకంగా చేర్చాడని దాని సారాంశం. దాన్ని అర్జీకి జతచేస్తే, 1787 జనవరిలో శాసనసభ అతన్ని విడిపించింది. యజమానికి నష్టపరిహారం కూడా ఇచ్చింది! జేమ్స్ తన పేరు చివర లఫాయెట్ పేరు చేర్చుకున్నాడు. అతనికి పెన్షన్ మంజూరు చేసింది 1819లో.

మా అమ్మాయి ఈ తేదీలన్నీ ఒక గీత మీద గుర్తుపెట్టి, “లొంగిపోయిన రోజుకీ ఇతను విడుదలైన రోజుకీ మధ్య అయిదేళ్లు ఏం చేశాడమ్మా?” అని అడిగింది. బానిసగా పనిచేశాడమ్మా అన్నాను. చాలాసేపు ఆ గీత వైపే చూసింది.

అక్కడ ఆపకూడదని నా గట్టి అభిప్రాయం. 1775 నవంబర్‌లోనే వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు రాజు పక్షాన ఆయుధం పడితే స్వేచ్ఛ ఇస్తామని ప్రకటించాడు. తర్వాతి ఏళ్లలో వేలమంది బ్రిటిష్ వైపు పారిపోయారు. కార్న్‌వాలిస్ వెంట యార్క్‌టౌన్ దాకా నడిచినవాళ్లూ ఉన్నారు. విజయం వచ్చాక, పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించే ఏర్పాట్లకు వాషింగ్టనే ఉత్తర్వులిచ్చాడు. జేమ్స్ సాయపడిన గెలుపు వాళ్లకు మళ్లీ సంకెల అయింది. ఎవరు దేశభక్తుడు, ఎవరు ద్రోహి అన్న ప్రశ్నను పదిహేనేళ్ల పిల్ల దగ్గర దాచాల్సిన పనిలేదు. ఆ వయసుకు తట్టుకునే శక్తి ఉంటుంది.

ఆ కార్న్‌వాలిసే అయిదేళ్లకు గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1793లో బెంగాల్‌లో అతను పెట్టిన జమీందారీ శాశ్వత శిస్తు పద్ధతినే 1802లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారులకు తెచ్చింది. విజయనగరం వైపు తాతల ఇళ్లలో జమీందారీ రోజుల ముచ్చట్లు విన్న పిల్లలకు యార్క్‌టౌన్ పరాయి ఊరు కాదు.

ఇంత తెలిశాక కల్పర్ గూఢచారుల ముఠా దగ్గరికి వెళ్తే చదివే తీరే మారుతుంది. 1778లో బెంజమిన్ టాల్‌మాడ్జ్ కూర్చిన ఈ ముఠా, బ్రిటిష్ ఆక్రమణలో ఉన్న న్యూయార్క్ నుంచి వార్తలు పంపేది. టాల్‌మాడ్జ్ సంకేత పుస్తకంలో 763 అంకెలున్నాయి. 711 అంటే వాషింగ్టన్, 727 అంటే న్యూయార్క్. ఈ పద్ధతిలో తెలుగులో ఒక ఉత్తరం రాయమని మా అమ్మాయికి చెప్పాను. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి: ఒక్క ఇంటికే నాలుగు అంకెలు కావాలని పది నిమిషాల్లో కనిపెట్టింది. పిల్లలు భాష నిర్మాణాన్ని ఇంత తేలిగ్గా పట్టుకునే దారి నాకు ఇంకొకటి కనిపించలేదు.

అమెరికా గూఢచారిగా పట్టుబడిన నేథన్ హేల్‌ను బ్రిటిష్‌వాళ్లు 1776 సెప్టెంబర్ 22న ఉరితీశారు. అప్పటికి 21 ఏళ్లు. దేశం కోసం ఇవ్వడానికి ఒక్క ప్రాణమే ఉందని విచారించాడని పిల్లల పుస్తకాలన్నీ చెబుతాయి. అది స్నేహితుడు విలియం హల్ జ్ఞాపకాల ద్వారా, ఒక బ్రిటిష్ అధికారి చెప్పగా విన్న మాటగా మనకు అందింది. ఉరి గురించి డైరీలో రాసుకున్న మరో బ్రిటిష్ అధికారి మెకెంజీ మాత్రం, పై అధికారి ఆజ్ఞ పాటించడం మంచి అధికారి విధి అని హేల్ అన్నట్టు రాశాడు. రెండూ పిల్లల ముందు పెట్టండి. దేన్ని ఎందుకు నమ్మాలో వాళ్లనే వాదించనివ్వండి.

ఇక 355. ఇది గూఢచారిణి రహస్య సంఖ్య అంటూ నవలలూ టీవీ కథలూ చాలా అల్లాయి. సంకేత పుస్తకంలో 355 అంటే ఒక స్త్రీ, అంతే. ముఠాలోని ఏబ్రహాం వుడ్‌హల్ 1779లో రాసిన ఉత్తరంలో, తనకు తెలిసిన ఒక 355 సాయంతో అందరి కళ్లూ కప్పగలనని అంటాడు. మా అమ్మాయికి ఆమె కథంటే ప్రాణం. అందుకే ఆ వాక్యం నుంచి ఏం చెప్పవచ్చో ఒక పక్క, ఏం చెప్పకూడదో ఇంకో పక్క రాయమన్నాను. మొదటి పక్క మూడు ముక్కలే వచ్చాయి: ఒక స్త్రీ ఉంది, వుడ్‌హల్‌కు తెలుసు, సాయం చేస్తుందని అతను నమ్మాడు. రెండో పక్కకు కాగితం చాలలేదు.