యడాగమం ఖరీదు

మధ్యతరగతి యింట్లో పనికిరాని సామాను ఏదంటే పాత ఇత్తడి బిందె అని ఈ రోజుల్లో ఎవరూ చెప్పరు. బిందె తూకానికైనా పోతుంది. పోనిది చార్జరు. ఏ యింట చూసినా ఒక సొరుగో, ఒక గుడ్డసంచీయో ఉంటుంది. అందులో నల్లటి తీగలు ఒకదానికొకటి మెలివేసుకుని పడి ఉంటాయి. ఒక్కటీ చెడిపోలేదు. ఒక్కటీ పనికిరాదు. చెడిపోకుండానే పనికిరాకుండా పోవడమన్నది మన తాతలెరగని విద్య.

వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు ప్రతిదీ సంధిగానే కనిపిస్తుంది. తెలుగులో రెండు అచ్చులు పక్కపక్కన చేరి, వాటికి సంధి కుదరకపోతే, మధ్యకు యకారం వచ్చి రాజీ చేస్తుంది. అదే యడాగమం. 'మా అమ్మ' కాస్తా 'మాయమ్మ' అవుతుంది. ఎవరికీ పైసా ఖర్చు లేదు. ఫోనుకూ చార్జరుకూ సంధి కుదరనప్పుడు కూడా మధ్యకు ఒక యడాగమం వస్తుంది. దాని పేరు అడాప్టరు. దానికి మాత్రం వెల ఉంది.

సెల్‌ఫోనులు మన యిళ్ళకు వచ్చిన కొత్తల్లో ఒక్క నోకియాకే రెండు పిన్నులు. ముందు లావుది, తరువాత సన్నది. పెళ్ళికి వెడితే విడిదింట్లో "సన్నపిన్ను ఉందా అండీ?" అని గదిగదికీ తిరగడం చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. తక్కిన కంపెనీలు కూడా ఎవరి పిన్ను వారిదే అన్నట్టుండేవి. ఆపిల్ వారిది మొదట ముప్ఫై పిన్నుల వెడల్పాటి మూతి. 2012లో దాన్ని మాన్పించి లైట్నింగ్ అనే చిన్న మూతి తెచ్చారు. 2023లో అదీ పోయి సి-టైపు వచ్చింది.

శాస్త్రం పెరుగుతూంటే మూతులు మారవా అని మీరడగవచ్చు. మారతాయి. కాని మన యింటి దీపాన్ని ఒకసారి చూడండి. గోడనున్న హోల్డరులో ముందు ఫిలమెంటు బల్బు పెట్టాము, తరువాత సి.ఎఫ్.ఎల్. పెట్టాము, ఇప్పుడు ఎల్.ఇ.డి. పెడుతున్నాము. దీపం లోపలి శాస్త్రం రెండుసార్లు తలకిందులయింది, హోల్డరు చెక్కుచెదరలేదు. ఏ కంపెనీ బల్బయినా కాస్త నొక్కి ఒక్క మెలిక తిప్పితే కూర్చుంటుంది. అంచేత, మూతి మార్చడమన్నది శాస్త్రం కోసం కొంత, అంగడి కోసం చాలా జరుగుతుందని నా అనుమానం.

సొరుగు నిండినవాళ్ళకు ఇదొక చిరాకు, అంతే. అసలు దెబ్బ తగిలేది మరొకచోట.

మా కాలేజీలో బి.ఎ. రెండో ఏడు చదువుతున్న కుర్రవాడొకడున్నాడు. తండ్రి కూలికి వెడతాడు. కుర్రవాడి ఫోను పెద్దమ్మ కొడుకు వాడి వదిలేసినది. అంతకుముందు అది ఆ అన్న పనిచేసే కొట్టు యజమానిది. ఫోను చేతులు మారి మారి యితని దగ్గరికి వచ్చింది గాని, చార్జరు మధ్యలోనే ఎక్కడో ఆగిపోయింది. కాలేజీ నోటీసులు వాట్సాపులోనే. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఓ.టి.పి. వచ్చేదీ ఫోనుకే. ఫోను లేదంటే చదువు సగం లేనట్టే. అందుకని బస్‌స్టాండు ఎదుట ఎనభై రూపాయలు పోసి తీగతో సహా ఒక చార్జరు కొన్నాడు. మూడు నెలలు తిరక్కుండా మాడిపోయింది. మళ్ళీ ఎనభై.

"ఏడాదిలో నాలుగు కొన్నాను మాస్టారూ, ఆ డబ్బుతో మంచిది ఒకటి వచ్చేది" అన్నాడొకనాడు, తనే నవ్వుతూ. లెక్క తెలియక కాదు. మంచి చార్జరుకు కావలసిన మూడొందల యిరవై అతని జేబులో ఏనాడూ ఒక్కసారిగా లేదు. ఉన్నవాడు ఒకసారి కొని ఊరుకుంటాడు. లేనివాడు అదే సొమ్ము నాలుగు ముక్కలుగా కట్టి, చివరికి చెడ్డ సరుకే చేతబట్టుకుంటాడు.

నిరుడు స్కాలర్‌షిప్పు గడువు ఆఖరి రోజున ఆ ఫోను చచ్చి కూర్చుంది. అతను స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఏడుగురం ఉన్నాము, ఏడు చార్జర్లున్నాయి. అన్నీ సి-టైపే. అతని ఫోనుది పాత మైక్రో పిన్ను. ఎం.ఏ.లూ పిహెచ్.డి.లూ అందరమూ సంచులు వెతికాము, లాభం లేకపోయింది. చివరికి మా అటెండరుగారి దగ్గర దొరికింది. ఆయన ఫోనూ అంత పాతదే మరి. నాలుగున్నరకు ఓ.టి.పి. వచ్చింది.

ఐరోపా వారు ఈ జబ్బుకు మందు చాలాకాలం వెతికారు. 2009లో కంపెనీలను పిలిచి నచ్చజెప్పారు. అందరూ మైక్రో పిన్నుకు ఒప్పుకుని సంతకాలు చేశారు. కాని ఒప్పందంలో అడాప్టరుకు చోటిచ్చారు. ఇంకేముంది, యడాగమం వచ్చి తిష్ట వేసింది! బతిమాలితే లాభం లేదని తెలిసి, చివరికి చట్టమే తెచ్చారు. 2022 అక్టోబరు 4న ఐరోపా పార్లమెంటులో 602 మంది అవునన్నారు, 13 మంది కాదన్నారు. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోనులకు, టాబ్లెట్లకు, కెమెరాలకు సి-టైపు తప్పనిసరి అయింది. లాప్‌టాపులకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టారు. పారేసినవీ, వాడకుండా పడేసినవీ కలిపి చార్జర్ల చెత్త అక్కడ ఏటా 11 వేల టన్నులని వారి అంచనా. మన ప్రమాణాల సంస్థ కూడా 2023 జనవరిలో సి-టైపుకు భారతీయ ప్రమాణం ప్రచురించింది. ప్రమాణం ప్రచురించడం వేరు, తప్పనిసరి చేయడం వేరనుకోండి.

పిన్ను ఒకటయినంత మాత్రాన కథ ముగియలేదు. మూతి కలిసినా మనసు కలవని చార్జర్లున్నాయి. కొన్ని కంపెనీలు వేగంగా చార్జి చేసే పద్ధతి తమకు తామే సొంతంగా పెట్టుకున్నాయి. వారి చార్జరూ వారి తీగా రెండూ ఉంటేనే ఆ వేగం. పైగా 2020 అక్టోబరులో ఆపిల్ వారు పెట్టెలోంచి చార్జరును తీసేశారు. పర్యావరణం కోసమన్నారు. మరికొందరు ఆ దారే పట్టారు. బ్రెజిల్ ప్రభుత్వానికి మాత్రం ఈ మాట రుచించలేదు. 2022 సెప్టెంబరులో ఆపిల్‌కు జరిమానా వేసి, చార్జరు లేని ఫోను అమ్మవద్దంది. సొరుగు నిండా చార్జర్లున్నవాడికి పెట్టెలో యింకొకటి లేకపోతే పుణ్యమే. పాత ఫోను చేతులు మారి వచ్చినవాడికి మాత్రం ముందు నుంచీ పెట్టే లేదు, సొరుగూ లేదు.

ఇప్పుడు అందరూ సి-టైపుకు వచ్చేస్తున్నారు, సంతోషం. మొన్న ఆ బస్‌స్టాండు కొట్టుకే వెళ్ళి మైక్రో పిన్ను తీగ కావాలన్నాను.

"అది అడిగేవాళ్ళు తగ్గిపోయారండీ, తెప్పించడం మానేశాం. రెండే ఉన్నాయి" అన్నాడు కొట్టతను. వెల అడిగాను. సి-టైపు తీగ వంద రూపాయలట. ఇది నూట ముప్ఫై.

"పాతదానికి ఎక్కువేమిటయ్యా?" అన్నాను.

"ఇంకెక్కడా దొరకదు కదండీ" అన్నాడు.

రెండూ కట్టించుకున్నాను, ఒకటి కుర్రవాడికీ, ఒకటి అటెండరుగారికీ.