మన సొమ్ము, వారి గుట్టు

‘వాణిజ్య గోప్యత’ అన్న మాట వినడానికి బహు గంభీరంగా ఉంటుంది. ఇద్దరు వర్తకుల నడుమ బేరానికి అది తగిన మాటే, కాదనను. కానీ ఒకవైపు ప్రజాధనం, మరొకవైపు ఒక సంస్థ, నడుమ రోగి ప్రాణం ఉన్నప్పుడు, ఆ గోప్యత ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నట్టు?

మా పాణ్యం కర్నూలుకూ నంద్యాలకూ మధ్య, 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. పాతవాళ్ల నోట అది ఇంకా 18వ నంబరే. ఆ దారిలో ప్రమాదం జరిగితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది 108. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఆ సేవను మనసారా మెచ్చుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మెచ్చుకుంటాను కనకనే దాని ఒప్పందం గురించి అడుగుతున్నాను.

ఆ సేవను మొదలుపెట్టింది సత్యం రామలింగరాజు కుటుంబం స్థాపించిన సంస్థ. నిర్వహణ ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిదే. 2009 జనవరి 7న సత్యం లెక్కల బండారం బయటపడ్డప్పుడు జనం ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: రేపు బండి వస్తుందా, రాదా? అదృష్టవశాత్తు వచ్చింది. జీవీకే ఆ బాధ్యత తీసుకుంది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో బీవీజీ, 2020లో అరబిందో, 2025లో భవ్య వచ్చాయి. సంస్థలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, డబ్బిచ్చేది మాత్రం మనమే. నిర్వాహకుడు కుప్పకూలితే బండ్లు ఎవరివి, సిబ్బంది జీతాలకు పూచీ ఎవరిది అన్న విషయాలు ఒప్పందంలో ఉండాలి. ఆ ఒప్పందం జనం చదవగలిగేలా ఉండాలి. అదృష్టం మీద ఆధారపడటం పాలన కాదు.

ఇంతకీ నేనడిగేవి ఏమంత రహస్యాలు? ఒక్కో బండికి నెలకు ఎంత ఇస్తున్నారు? పల్లెకు ఎన్ని నిమిషాల్లో చేరాలి? చేరకపోతే జరిమానా ఎంత? అందులో నిజంగా వసూలైంది ఎంత? బండి మూలపడితే బదులు బండి ఎప్పటికి వస్తుంది? రోగుల వివరాలు దాచండి, దాచి తీరాలి. సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ గుట్టు దాచుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఖజానా చెల్లించే ధర, దానికి బదులుగా అందాల్సిన సేవ మాత్రం ఎవరి సొంత ఆస్తీ కావు.

‘ధరలు బయటపెడితే సంస్థలు ముందుకు రావు’ అంటారు. ఆరోగ్యశ్రీనే చూడండి. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆ పథకంలో ఏ చికిత్సకు ఎంత ఇస్తారో జాబితా బహిరంగమే. ఆ కారణంగా ఆసుపత్రులు పారిపోలేదు. 2025 అక్టోబరులో అవి సేవలు ఆపింది బకాయిల కోసం, ధరలు బయటపడ్డందుకు కాదు. ‘పోటీదారుకు తెలిసిపోతుంది’ అని మరో వాదన. టెండరు తెరిచిన నాడే పోటీదారుకు గెలిచిన ధర తెలుస్తుంది. ఇక తెలియకుండా మిగిలేది డబ్బు కట్టినవాడికే!

సమాచార హక్కు చట్టం ఈ సంగతి ముందే ఆలోచించింది. 2005 నాటి ఆ చట్టంలో 8(1)(డి) వాణిజ్య గోప్యతకు చోటిచ్చింది, నిజమే. అదే వాక్యంలో విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలనీ చెప్పింది. 11వ సెక్షను ప్రకారం సంస్థ అభిప్రాయం అడగాలి. అభిప్రాయమే గానీ అది వీటో కాదు. నిరాకరణ సబబేనని రుజువు చేసే భారం కూడా అధికారిదే. మన రాష్ట్రంలో దరఖాస్తుకు గ్రామంలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. హక్కు ఇంత చవకగా ఇచ్చి, జవాబును ఇంత ప్రియం చేయడం ఏం న్యాయం?

ఇప్పుడిది మరింత అవసరం. నంద్యాల వైద్య కళాశాల 2023లో ప్రభుత్వ కళాశాలగానే తెరుచుకుంది. 2025 సెప్టెంబరులో ఆదోనితో సహా 10 కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్న జోలికి ఇక్కడ పోను. కానీ అటువంటి ఒప్పందాలు దశాబ్దాల పాటు నడుస్తాయి. సంతకాలు పెట్టినవాళ్లు ఉండరు, షరతులు మన మనవల మెడకు ఉంటాయి. ఆ షరతులను ఇవాళే చదివే హక్కు మనకుండాలి.

స్లొవేకియా అన్న చిన్న దేశం 2011లో ఒక పని చేసింది. ప్రభుత్వ ఒప్పందాన్ని జాలంలో ప్రచురిస్తేనే అది అమల్లోకి వస్తుంది. మూడు నెలల్లో ప్రచురించకపోతే ఆ ఒప్పందమే లేనట్టు. దరఖాస్తు లేదు, అప్పీలు లేదు. ఆ ఒక్క నియమం మనమూ తెచ్చుకుంటే చాలు: వైద్య సేవల ఒప్పందం ప్రచురితం కానిదే ఖజానా నుంచి పైసా కదలకూడదు.

గుట్టు మీద వ్యాపారం చేయదలచినవారు తమ సొంత సొమ్ముతో చేసుకోవచ్చు. మన సొమ్ము కావాలంటే కాగితం మన ముందు పెట్టాలి. కాదనేవాళ్లుంటే వాదించండి, వింటాను.